కంప్యూటర్ లోపలి కంప్యూటర్‌లో ఆల్పైన్ లినక్స్

ఒక కంప్యూటర్‌లో నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను కదపకుండా, దాని లోపలే మరో కంప్యూటర్ ఉన్నట్లు ఏర్పాటు చేసి, ఆ రెండోదానిలో వేరొక ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపించే పద్ధతిని వర్చువలైజేషన్ అంటారు. లోపల ఏర్పడిన ఆ యంత్రం వర్చువల్ మెషీన్. దానికి చోటిచ్చిన అసలు యంత్రం హోస్ట్. లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ గెస్ట్. ఈ రెండింటి మధ్య ప్రాసెసర్ సమయాన్ని, మెమరీని, డిస్క్‌ను పంచిపెడుతూ, ఒకదాని హద్దులోకి మరొకటి చొరబడకుండా కాపలా కాసే సాఫ్ట్‌వేర్ హైపర్‌వైజర్. గెస్ట్‌గా ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌నైనా పెట్టుకోవచ్చు. అయితే ఉబుంటు డెస్క్‌టాప్ ఇన్‌స్టాల్ ఫైల్ 5 గిగాబైట్లకు పైబడి ఉంటే, ఆల్పైన్ లినక్స్ వర్చువల్ మెషీన్ల కోసమే తయారుచేసే ఫైల్ 60–70 మెగాబైట్లకు మించదు. రెండింటి గర్భంలోనూ ఉన్నది మాత్రం లినక్స్ కెర్నెలే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామే. ఈ తేడాలో కొంత భాగం కిటికీలు, చిత్రాలు, బ్రౌజర్, ఆఫీసు పరికరాల వల్ల వచ్చేదని వెంటనే తోస్తుంది. మిగిలిన భాగం ఎక్కడిదని వెతుకుతూ పోతే, ఆపరేటింగ్ సిస్టమ్ మోసే బరువులో పెద్దపాలు అది చేసే పనుల వల్ల గాక, తాను ఎలాంటి యంత్రంపై దిగవలసి వస్తుందో ముందుగా తెలియకపోవడం వల్ల పేరుకున్నదని తేలుతుంది. వర్చువల్ మెషీన్‌లో ఆ అనిశ్చితి ఉండదు. తేలికపాటి గెస్ట్‌ను ఇన్‌స్టాల్ చేయడం నేర్చుకునేవారికి ఎంతో విలువైన అభ్యాసం కావడానికి కారణం అదే: బరువు తీసివేసిన తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కచ్చితంగా ఏమిటో అందులో కంటికి కనిపిస్తుంది.

వర్చువల్ మెషీన్‌కు తగినట్లు చిన్నదిగా ఉండే గెస్ట్ అన్న ఆలోచన ఇటీవలిది కాదు. అది వర్చువల్ మెషీన్‌తో పాటే పుట్టింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో ఐబీఎం నెలకొల్పిన సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ నాయకత్వాన 1964లో మొదలైన సీపీ-40 అనే పరిశోధన 1967 జనవరి నాటికి రోజువారీ వాడుకలోకి వచ్చింది. ప్రత్యేకంగా మార్పులు చేసిన ఒక సిస్టమ్/360 మోడల్ 40 యంత్రాన్ని అది ఏకకాలంలో 14 వర్చువల్ మెషీన్లుగా, ఒక్కొక్కదానికి 256 కిలోబైట్ల మెమరీ ఉన్నట్లుగా చూపేది. ఆ మెషీన్లలో నడపడానికి అదే బృందం సీఎంఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాసింది. అనేకమంది వాడుకరులను ఒకరి నుంచి ఒకరిని వేరుచేసి కాపాడే భారమంతా సీపీ-40 మోస్తున్నది కనుక, సీఎంఎస్ ఒకే ఒక్క వాడుకరి అవసరాలు తీరిస్తే సరిపోయేది. అందువల్లనే అది చిన్నదిగా, చురుకుగా ఉండగలిగింది. 1972 ఆగస్టులో ఐబీఎం ఈ ఏర్పాటును వీఎం/370 పేరుతో ప్రకటించే నాటికి, సీఎంఎస్ అసలు యంత్రంపై నేరుగా నడిచే సామర్థ్యాన్నే వదులుకుని, వర్చువల్ మెషీన్‌లో మాత్రమే పనిచేసేలా మారింది. కింది పొర ఒక పనిని నమ్మకంగా చేస్తున్నప్పుడు పై పొర అదే పనిని మళ్లీ తలకెత్తుకోనక్కరలేదన్న ఈ శ్రమ విభజన, ఈనాటి తేలికపాటి గెస్ట్‌లన్నింటికీ మూలసూత్రం.

ఈ విభజనకు అన్ని ప్రాసెసర్లూ ఒకే విధంగా లొంగవు. జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ 1974లో ప్రచురించిన పరిశోధన పత్రంలో అందుకు కావలసిన షరతును గణితపు కచ్చితత్వంతో చెప్పారు: యంత్రపు స్థితిని మార్చగల ఆదేశం గాని, ఆ స్థితిని బయటపెట్టగల ఆదేశం గాని, అధికారం లేని ప్రోగ్రామ్ చేతిలో అమలైనప్పుడు తప్పనిసరిగా ఆగిపోయి, అధికారం ఉన్న పై స్థాయికి కబురు పంపాలి. అలా ఆగిన ప్రతిసారీ హైపర్‌వైజర్ కలగజేసుకుని, గెస్ట్ ఆశించిన ఫలితాన్ని దాని హద్దుల్లోనే కల్పించి, మళ్లీ ముందుకు నడిపిస్తుంది. వ్యక్తిగత కంప్యూటర్లలో సర్వత్రా వ్యాపించిన ఎక్స్86 ప్రాసెసర్లు ఈ షరతును పాటించలేదు. వాటిలో పాప్‌ఎఫ్ అనే ఆదేశం ప్రాసెసర్ జెండాలను, అంటే దాని ప్రస్తుత స్థితిని సూచించే చిన్న గుర్తులను, మార్చడానికి ఉపయోగపడుతుంది. ఆ జెండాల్లో ఒకటి, బయటి పరికరాల నుంచి వచ్చే పిలుపులను కాసేపు ఆపి ఉంచేది. అధికారం లేని ప్రోగ్రామ్ ఆ జెండాను మార్చబోతే ప్రాసెసర్ ఆగదు, ఎవరికీ చెప్పదు. మార్పు చేయకుండానే తర్వాతి ఆదేశానికి వెళ్లిపోతుంది. పిలుపులు ఆగాయని గెస్ట్ కెర్నెల్ నమ్ముతుంది, అవి వస్తూనే ఉంటాయి, హైపర్‌వైజర్‌కు మాత్రం ఈ సంగతి తెలిసే మార్గమే ఉండదు. ఇటువంటి ఆదేశాలు పెంటియం ప్రాసెసర్‌లో 17 ఉన్నట్లు 2000 సంవత్సరంలో వెలువడిన ఒక విశ్లేషణ లెక్క తేల్చింది.

ఈ అడ్డంకిని రెండు తరాలు రెండు విధాలుగా దాటాయి. 1998లో ఏర్పడిన వీఎంవేర్ సంస్థ మరుసటి ఏడు విడుదల చేసిన వర్క్‌స్టేషన్, గెస్ట్ కెర్నెల్‌లోని ఆదేశాలను అమలుకు కొద్ది క్షణాల ముందు చదివి, ఇబ్బందికరమైన వాటి స్థానంలో సురక్షితమైన వాటిని అమర్చి నడిపించేది. ఆ తర్వాత ప్రాసెసర్ తయారీదారులే లోపాన్ని సరిదిద్దారు. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో తమ ప్రాసెసర్లకు ఒక కొత్త స్థితిని చేర్చాయి. అందులో గెస్ట్ కెర్నెల్ తనకు పూర్తి అధికారం ఉన్నట్లే నడుస్తుంది గాని, హైపర్‌వైజర్ ముందుగా గుర్తించి పెట్టిన సందర్భం ఎదురవగానే ప్రాసెసర్ తనంతట తాను గెస్ట్‌ను నిలిపివేసి నియంత్రణను హోస్ట్‌కు అప్పగిస్తుంది. ఈ హార్డ్‌వేర్ వసతిని ఆధారం చేసుకుని ఆవి కివిటీ రాసిన కేవీఎం 2007 ఫిబ్రవరిలో వచ్చిన లినక్స్ 2.6.20లో భాగమై, లినక్స్ కెర్నెల్‌నే హైపర్‌వైజర్‌గా మార్చింది. ఫాబ్రిస్ బెల్లార్ 2003లో ప్రారంభించిన క్యూఎమ్యూ అనే సాఫ్ట్‌వేర్ డిస్క్, నెట్‌వర్క్ కార్డు, తెర వంటి పరికరాలను కల్పించి ఇస్తే, ప్రాసెసర్, మెమరీల సంగతి కేవీఎం చూసుకుంటుంది. విండోస్ యంత్రాలపై ఎక్కువమంది విద్యార్థులకు పరిచయమైన వర్చువల్‌బాక్స్ కూడా ఈ రెండు పనులనూ తనదైన పద్ధతిలో చేస్తుంది.

మెమరీ విషయం కొంత లోతుగా చూడదగినది. ఏ ప్రోగ్రామ్ అయినా చెప్పే మెమరీ చిరునామా అసలు చిరునామా కాదు. 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్‌లో సాధారణంగా నాలుగు అంచెల పట్టికలు వరుసగా చూసిన తర్వాతే అసలు చోటు తెలుస్తుంది. వర్చువల్ మెషీన్‌లో గెస్ట్ తన పట్టికల్లో రాసుకున్న ‘అసలు’ చిరునామా కూడా అసలుది కాదు. దాన్ని హోస్ట్ పట్టికల ద్వారా మరొకసారి మార్చుకోవాలి. గెస్ట్ పట్టికలోని ప్రతి అంచె ఎక్కడుందో తెలుసుకోవడానికే హోస్ట్ పట్టికలన్నీ తిరగవలసి వస్తుంది కనుక, మామూలుగా 4 సార్లు మెమరీని చూస్తే తేలే సంగతికి గరిష్ఠంగా 24 సార్లు చూడవలసి రావచ్చు. ఒకసారి తెలిసిన చిరునామాలను ప్రాసెసర్ తన దగ్గరే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఆచరణలో ఇంత నష్టం ఉండదు. అయినా, తక్కువ మెమరీని తాకే గెస్ట్‌కు ఈ ఖర్చు కూడా తక్కువే పడుతుంది. తేలికదనం డిస్క్‌లో చోటు ఆదా చేయడంతో ఆగిపోదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక బరువు సంగతి. సాధారణ లినక్స్ పంపిణీ తాను వేలాది రకాల నెట్‌వర్క్ కార్డులు, గ్రాఫిక్స్ చిప్‌లు, వైఫై పరికరాలు, ప్రింటర్లలో దేనితో మాట్లాడవలసి వస్తుందో ఎరుగదు. ఏ ఊరికి బదిలీ అవుతుందో తెలియని ఉద్యోగి అన్ని కాలాల బట్టలూ మూట కట్టుకున్నట్లు, అది అన్నింటికీ డ్రైవర్లను, అంటే ఆయా పరికరాలతో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్‌లను, వెంట తెచ్చుకుంటుంది. వాటికి తోడు, పరికరాల్లోకి ఎక్కించవలసిన ఫర్మ్‌వేర్ ఫైళ్లు కూడా పెద్దమొత్తంలో ఉంటాయి. వర్చువల్ మెషీన్ చూపించే పరికరాలు మాత్రం కొద్దే, ముందే తెలిసినవే. పైగా రస్టీ రస్సెల్ రూపకల్పన చేసిన వర్చ్ఐఓ అనే ఒప్పందం 2008లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన తర్వాత, గెస్ట్ ఒక నిజమైన కార్డుతో మాట్లాడుతున్నట్లు నటించే అవసరం కూడా తప్పింది. ఆ ఒప్పందం ప్రకారం గెస్ట్, హోస్ట్ రెండూ ఒక ఉమ్మడి మెమరీ ప్రాంతంలో వరుసలు ఏర్పాటు చేసుకుంటాయి. పంపవలసిన సమాచారం ఎక్కడుందో గెస్ట్ ఆ వరుసలో రాసి, ఒక్కసారి కబురు చేస్తుంది. హోస్ట్ అందినంతా తీసుకుని, పూర్తయినవాటిని మరో వరుసలో గుర్తుపెడుతుంది. నిజమైన కార్డును అనుకరించేటప్పుడు ప్రతి చిన్న కదలికకూ గెస్ట్‌ను ఆపవలసి వస్తే, ఇక్కడ ఎన్నో పనులకు కలిపి ఒక్కసారి ఆపితే సరిపోతుంది. ఆల్పైన్ వర్చువల్ మెషీన్ల కోసం ఇచ్చే కెర్నెల్ ఈ అవగాహనతోనే కుదించినది. అసలు యంత్రాలకే అవసరమయ్యే డ్రైవర్లను పెద్దమొత్తంలో అందులోంచి తీసివేశారు.

ఆల్పైన్‌కు ఈ పొదుపు పుట్టుకతో అబ్బింది. నెట్‌వర్క్‌కు కాపలా కాసే చిన్న పెట్టెల కోసం రూపొందిన లీఫ్ అనే ప్రాజెక్టు నుంచి విడివడి, నటనేల్ కోపా 2005లో దీన్ని ప్రారంభించారు. అటువంటి పెట్టెల్లో మెమరీ, నిల్వ రెండూ పరిమితం. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోకుండా నడవాలి. అందుకే మూడు ముఖ్యమైన చోట్ల ఆల్పైన్ పెద్ద పంపిణీల దారిని విడిచింది. ప్రోగ్రామ్‌లన్నీ కెర్నెల్‌తో మాట్లాడటానికి మధ్యవర్తిగా ఉండే సీ లైబ్రరీ సాధారణంగా గ్లిబ్‌సీ కాగా, ఆల్పైన్ 2014లో వచ్చిన 3.0 నుంచి మజిల్ అనే చిన్న లైబ్రరీని వాడుతున్నది. ఫైళ్లను చూపడం, కాపీ చేయడం, వెతకడం వంటి నిత్యావసర ఆదేశాలను వేర్వేరు ప్రోగ్రామ్‌లుగా గాక బిజీబాక్స్ అనే ఒకే ప్రోగ్రామ్‌లో ఇమిడ్చింది. డెబియన్ ఇన్‌స్టాలర్ ఒక్క ఫ్లాపీలో పట్టాలన్న ఉద్దేశంతో బ్రూస్ పెరెన్స్ 1995లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. సేవలను ప్రారంభించి, ఆపే పనికి సిస్టమ్‌డీ బదులు ఓపెన్ఆర్‌సీ అనే సరళమైన ఏర్పాటును ఎంచుకుంది. ఫలితంగా, డిస్క్‌పై కనీస ఇన్‌స్టలేషన్‌కు సుమారు 130 మెగాబైట్లు చాలునని ఆల్పైన్ ప్రాజెక్టే చెబుతున్నది.

ఇన్‌స్టాల్ చేయబోయే ముందు హోస్ట్‌లో చూసుకోవలసినవి రెండున్నాయి. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ వసతి కొన్ని కంప్యూటర్లలో బయోస్ అమరికల్లో ఆపివేసి ఉంటుంది. విండోస్‌లోనైతే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ పనితీరు చూపే పుటలోనే అది పనిచేస్తున్నదీ లేనిదీ రాసి ఉంటుంది. రెండోది, గెస్ట్ ఫైల్ హోస్ట్ ప్రాసెసర్ జాతికే చెందినదై ఉండాలి. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న యాపిల్ ల్యాప్‌టాప్‌పై ఎక్స్86 గెస్ట్‌ను నడపాలంటే ప్రతి ఆదేశాన్నీ అనువదించవలసి వస్తుంది, అది వర్చువలైజేషన్ కాదు, అనుకరణ. వేగం అనేక రెట్లు పడిపోతుంది. ఆల్పైన్ రెండు జాతులకూ వేర్వేరు ఫైళ్లను ఇస్తుంది కనుక సరైనదాన్ని దింపుకుంటే ఈ చిక్కు రాదు.

వర్చువల్ మెషీన్‌ను సృష్టించడమంటే నిజానికి ఒక చిన్న వివరణ పత్రాన్ని రాయడమే: ఒక ప్రాసెసర్, 512 మెగాబైట్ల మెమరీ, 8 గిగాబైట్ల డిస్క్, ఒక నెట్‌వర్క్ కార్డు, సీడీ డ్రైవ్‌లో ఆల్పైన్ ఫైల్. ఇందులో డిస్క్ అనేది హోస్ట్‌పై ఒక మామూలు ఫైల్ మాత్రమే. క్యూఎమ్యూ వాడే క్యూకౌ2 పద్ధతిలో 8 గిగాబైట్ల డిస్క్‌ను సృష్టించిన మరుక్షణం ఆ ఫైల్‌ను కొలిచి చూస్తే అది 200 కిలోబైట్ల లోపే ఉంటుంది. గెస్ట్ ఒక చోట మొదటిసారి రాసినప్పుడే హోస్ట్ ఆ చోటుకు నిజమైన స్థలాన్ని, 64 కిలోబైట్ల ముక్కలుగా, కేటాయించి, ఏ ముక్క ఎక్కడుందో పట్టికలో నమోదు చేస్తుంది. రాయని చోటును గెస్ట్ చదవబోతే సున్నాలు అందిస్తుంది. అందువల్ల డిస్క్ పరిమాణాన్ని ఉదారంగా చెప్పినా నష్టం లేదు. మెమరీ విషయంలో మాత్రం ఆచితూచి వ్యవహరించాలి, ఎందుకంటే గెస్ట్ ఒకసారి తాకిన మెమరీ పేజీలను సాధారణంగా హోస్ట్‌కు తనంతట తాను తిరిగి ఇవ్వదు.

మెషీన్‌ను నడిపించగానే నల్లని తెరపై కెర్నెల్ సందేశాలు పరుగెత్తి, లోకల్‌హోస్ట్ లాగిన్ అన్న పంక్తి దగ్గర ఆగుతాయి. సర్వాధికారాలున్న ఖాతా పేరైన రూట్ అని టైప్ చేస్తే, పాస్‌వర్డ్ అడగకుండానే ఆల్పైన్ లోపలికి రానిస్తుంది. ఈ దశలో గ్రహించవలసిన ముఖ్య విషయం ఒకటుంది: ఇప్పుడు నడుస్తున్న వ్యవస్థ మొత్తం మెమరీలోనే ఉన్నది, డిస్క్‌పై ఇంకా ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఇక్కడ కొత్త ప్యాకేజీలు చేర్చి, ఫైళ్లు సృష్టించి, మెషీన్‌ను ఆపి మళ్లీ నడిపిస్తే అన్నీ మాయమవుతాయి. కొత్తవారు చాలామంది దీన్ని లోపంగా భావిస్తారు. ఇది లోపం కాదు, డిస్క్ చెడిపోతే ఆగిపోకూడని పెట్టెల కోసం ఆల్పైన్ మొదటి నుంచీ పోషించిన డిస్క్‌లెస్ పద్ధతి. డిస్క్‌పై స్థిరపరచడానికి సెటప్-ఆల్పైన్ అన్న ఒక్క ఆదేశం ఇవ్వాలి.

ఆ ఆదేశం ఒక సంభాషణలా నడుస్తుంది. కీబోర్డు అమరిక ఏదని అడుగుతుంది. మన దేశంలో అమ్మే కీబోర్డుల్లో అధికభాగం అమెరికా అమరికవే కనుక యూఎస్ అని రెండుసార్లు చెబితే సరిపోతుంది. యంత్రానికి పేరు అడుగుతుంది. నెట్‌వర్క్ చిరునామా ఎలా పొందాలని అడిగినప్పుడు, చిరునామాలను కోరినవారికి పంచిపెట్టే డీహెచ్‌సీపీ పద్ధతిని సూచిస్తుంది. ఒప్పుకుంటే హైపర్‌వైజరే ఒక చిరునామా ఇస్తుంది. వర్చువల్‌బాక్స్‌లో గాని, క్యూఎమ్యూ సాధారణ అమరికలో గాని ఆ చిరునామా ఎప్పుడూ 10.0.2.15 కావడం కొత్తవారిని ఆశ్చర్యపరుస్తుంది. హైదరాబాద్‌లోని ల్యాప్‌టాప్‌లోనూ, హూస్టన్‌లోని ల్యాప్‌టాప్‌లోనూ గెస్ట్‌కు అదే చిరునామా వస్తుంది, ఎందుకంటే అది బయటి నెట్‌వర్క్‌కు చెందినది కాదు; ప్రతి హోస్ట్ లోపలా హైపర్‌వైజర్ కల్పించిన చిన్న నెట్‌వర్క్‌లో 10.0.2.2 ద్వారం, 10.0.2.15 గెస్ట్. గెస్ట్ పంపిన ప్రతి అభ్యర్థననూ హైపర్‌వైజర్ హోస్ట్ పేరుమీదనే బయటికి పంపి, జవాబు వచ్చాక లోపలికి అందిస్తుంది. క్యూఎమ్యూలో ఈ పద్ధతి వాడుతున్నప్పుడు, నెట్‌వర్క్ అందుతున్నదా అని చూసే పింగ్ ఆదేశానికి జవాబు రాకపోయినా ఇంటర్నెట్ పనిచేస్తూనే ఉండవచ్చునని తెలిసి ఉంటే, లేని లోపాన్ని వెతుక్కుంటూ గంటలు పోగొట్టుకునే శ్రమ తప్పుతుంది.

రూట్ పాస్‌వర్డ్, సమయ మండలం తర్వాతి ప్రశ్నలు. భారతదేశానికి ఏషియా, కోల్‌కతా అని చెప్పాలి. ఆ తర్వాత ప్యాకేజీలు దింపుకోవడానికి సర్వర్‌ను ఎంచుకోమంటుంది, నిత్యం వాడటానికి ఒక మామూలు వాడుకరి ఖాతా పేరు అడుగుతుంది, బయటి నుంచి లాగిన్ కావడానికి ఎస్ఎస్‌హెచ్ సేవ కావాలా అని అడుగుతుంది. మామూలు ఖాతాను, ఎస్ఎస్‌హెచ్‌ను రెంటినీ అంగీకరించడం మంచిది. రూట్‌గా నిత్యం పనిచేయడం చిన్న గెస్ట్‌లోనైనా చెడు అలవాటే. చివరి ప్రశ్న డిస్క్‌ది. వర్చ్ఐఓ డిస్క్ అయితే వీడీఏ, సాటా డిస్క్ అయితే ఎస్‌డీఏ అన్న పేరుతో కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని, ఎలా వాడాలన్న ప్రశ్నకు సిస్ అని జవాబివ్వాలి, అంటే మొత్తం వ్యవస్థను డిస్క్‌పై స్థాపించమని అర్థం. డిస్క్‌పై ఉన్నదంతా చెరిగిపోతుందన్న హెచ్చరిక వచ్చినప్పుడు, ఏమీ టైప్ చేయకుండా ఎంటర్ నొక్కితే వద్దన్నట్లే లెక్క. వై అని స్పష్టంగా చెబితేనే ముందుకు సాగుతుంది. అసలు కంప్యూటర్‌పై ఈ హెచ్చరిక చూసి చేయి వణకని వారు అరుదు. ఇక్కడ చెరిగేది 200 కిలోబైట్ల ఖాళీ ఫైల్. డిస్క్ విభజన అంటే ఏమిటో, బూట్ భాగం వేరుగా ఎందుకుంటుందో, మెమరీ చాలనప్పుడు ఆదుకునే స్వాప్ భాగం ఎంత ఉండాలో, ఎన్నిసార్లయినా చెరిపి, తిరగరాసి నేర్చుకునే స్వేచ్ఛ ఇందులో ఉంది. ఒక్క సొంత ల్యాప్‌టాప్ మాత్రమే ఉన్న బీటెక్ విద్యార్థికి, పాఠ్యపుస్తకంలోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను చేతితో తాకి చూడటానికి ఇంతకంటే మంచి అవకాశం లేదు.

ఫైళ్లు రాయడం ఎంతోసేపు పట్టదు. మెషీన్‌ను తిరిగి నడిపించే ముందు సీడీ డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ ఫైల్‌ను తీసివేయాలి; లేకపోతే అది మళ్లీ ఆ ఫైల్ నుంచే మొదలై, పాస్‌వర్డ్ లేని పాత స్థితి కనిపించి, ఇన్‌స్టలేషన్ విఫలమైందన్న భ్రమ కలుగుతుంది.

ఇప్పుడు డిస్క్‌పై ఉన్న వ్యవస్థను పరిశీలనగా చూడవచ్చు. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ అనే ఆదేశం ఎక్కడుందో వెతికితే, అది ప్రోగ్రామ్ కాదని, బిజీబాక్స్ వైపు చూపించే గుర్తు మాత్రమేనని తెలుస్తుంది. కాపీ చేసే సీపీ, చెరిపే ఆర్ఎం, వెతికే గ్రెప్ అన్నీ అదే ప్రోగ్రామ్ వైపు చూపిస్తాయి. తనను ఏ పేరుతో పిలిచారో చూసుకుని, ఆ పేరుకు తగిన పని చేయడం బిజీబాక్స్ పద్ధతి. నడుస్తున్న ప్రక్రియల జాబితా అడిగితే, చదరపు బ్రాకెట్లలో కనిపించే కెర్నెల్ సొంత ప్రక్రియలను పక్కన పెట్టగా మిగిలేవి వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే: అన్నింటికీ మొదటిదైన ఇనిట్, సందేశాలను నమోదు చేసేది, గడియారాన్ని సరిచూసేది, వేళ ప్రకారం పనులు చేయించేది, ఎస్ఎస్‌హెచ్ సేవ, లాగిన్ కోసం ఎదురుచూసేవి కొన్ని, వాడుకరి షెల్. పెద్ద డెస్క్‌టాప్ వ్యవస్థలో ఇదే జాబితా పుటలకు పుటలు సాగుతుంది, అందులో ఏది దేనికోసమో నిపుణులు కూడా వెంటనే చెప్పలేరు. ఇక్కడ ప్రతి పంక్తినీ అర్థం చేసుకోవచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ కావాలంటే ఏపీకే యాడ్ అన్న ఆదేశంతో పేరు చెప్పాలి. ఏపీకే దాని డిజిటల్ సంతకాన్ని సరిచూసి, దానికి అవసరమైన ఇతర ప్యాకేజీలను కూడా తెచ్చి అమర్చి, వాడుకరి కోరిన పేరును మాత్రం వరల్డ్ అనే చిన్న ఫైల్‌లో రాసి ఉంచుతుంది. యంత్రంలో ఏమేమి ఎందుకున్నాయో ఆ ఒక్క ఫైల్ చదివితే తెలిసిపోతుంది.

తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా పనికివచ్చే ఒక పరీక్ష ఇక్కడే చేయవచ్చు. వర్చువల్ మెషీన్ కిటికీలో కనిపించే లినక్స్ కన్సోల్‌పై తెలుగు ఫైల్ పేరును చూపించమంటే అక్షరాల బదులు అర్థం లేని గుర్తులు వస్తాయి, ఎందుకంటే ఆ కన్సోల్ ఒకేసారి గరిష్ఠంగా 512 ఆకారాలనే ఉంచుకోగలదు, పైగా గుణింతాలను, ఒత్తులను కలిపి ఒకే అక్షరంగా గీసే యంత్రాంగం దానికి లేదు. అదే గెస్ట్‌కు హోస్ట్ నుంచి, 2222 వంటి ఒక పోర్టును గెస్ట్‌లోని 22కు కలిపి, ఎస్ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అయితే, హోస్ట్‌లో తెలుగును సరిగా గీయగల టెర్మినల్ ఉన్నప్పుడు అదే పేరు చక్కగా కనిపిస్తుంది. గెస్ట్‌లో ఏ మార్పూ జరగలేదు. ‘తెలుగు’ అన్న మాటను ఒక ఫైల్‌లో రాసి బైట్లు లెక్కిస్తే రెండు సందర్భాల్లోనూ 18 వస్తాయి. మూడు హల్లులు, మూడు అచ్చుల గుర్తులు కలిపి ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు. భాషను నిల్వ చేయడం వేరు, గీసి చూపడం వేరు అన్న విషయం ఇంత సూటిగా మరోచోట బోధపడదు.

ఈ తేలికదనానికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. గ్లిబ్‌సీ కోసం తయారుచేసి, మూలం ఇవ్వకుండా పంచే ప్రోగ్రామ్‌లు మజిల్‌పై తరచు నడవవు. వాటికోసం జీకాంపాట్ అనే సర్దుబాటు పొర ఉన్నా అది అన్నింటినీ నడిపించలేదు. పెద్ద డీఎన్ఎస్ జవాబులను, అంటే వెబ్ పేర్లకు చిరునామాలు చెప్పే సందేశాలను, టీసీపీ ద్వారా తిరిగి అడిగి తెచ్చుకునే వసతి మజిల్‌కు 2023లో వచ్చిన 1.2.4 వరకు లేకపోవడంతో, పెద్ద సంస్థల నెట్‌వర్క్‌లలో అంతుచిక్కని వైఫల్యాలు ఎదురయ్యేవి. రోజంతా బొమ్మల తెరతో పనిచేయాలనుకునేవారికి ఆల్పైన్‌ను గెస్ట్‌గా సిఫారసు చేయడం సమంజసం కాదు. డెస్క్‌టాప్‌ను చేర్చిన కొద్దీ వదిలించుకున్న బరువే తిరిగి వస్తుంది. ఒక వెబ్ సర్వర్, ఒక డేటాబేస్, ఒక ప్రోగ్రామింగ్ అభ్యాసం, ఒక నెట్‌వర్క్ ప్రయోగం అయితే దీనికి సాటి తక్కువ. స్నాప్‌షాట్ అనే సౌకర్యంతో, మెషీన్ ఒకానొక క్షణంలో ఉన్న స్థితిని భద్రపరచి, ప్రయోగం చెడితే తిరిగి అక్కడికే రావచ్చు.

వర్చువల్ మెషీన్ గోడ ఎంత బలమైనదైనా, ఆ గోడ కూడా సాఫ్ట్‌వేరే. 2015 మేలో వెనమ్ పేరుతో బయటపడిన లోపం ఈ సంగతిని గట్టిగా గుర్తుచేసింది. క్యూఎమ్యూ అనుకరించే ఫ్లాపీ డ్రైవ్ నియంత్రికలో 2004 నుంచి దాగి ఉన్న ఒక పొరపాటు, గెస్ట్‌లో రూట్ అధికారం ఉన్న వ్యక్తికి హోస్ట్‌లోకి చొరబడే దారి ఇవ్వగలిగింది. ఆ అనుకరణ కోడ్‌ను వాడుకున్న జెన్ అనే మరో హైపర్‌వైజర్, కేవీఎం, వర్చువల్‌బాక్స్ అన్నీ దాని బారిన పడ్డాయి. అప్పటికే ఫ్లాపీలు వాడేవారు దాదాపు లేరు, అయినా గెస్ట్‌కు ఎప్పుడైనా అవసరం పడుతుందేమోనని ఆ పరికరాన్ని ఉంచారు. గెస్ట్‌ను బరువెక్కించిన అనిశ్చితే హైపర్‌వైజర్‌నూ బరువెక్కించిందన్నమాట.

దీనికి సమాధానంగా గెస్ట్‌ను కుదించిన తర్కాన్నే యంత్రానికీ వర్తింపజేసిన హైపర్‌వైజర్లు వచ్చాయి. అమెజాన్ 2018 నవంబరులో విడుదల చేసిన ఫైర్‌క్రాకర్, కేవీఎం ఆధారంగా, రస్ట్ భాషలో రాసినది. అది మొదట గెస్ట్‌కు చూపినవి వర్చ్ఐఓ నెట్‌వర్క్, వర్చ్ఐఓ డిస్క్, ఒక సీరియల్ కన్సోల్, మెషీన్‌ను ఆపడానికి మాత్రమే పనికివచ్చే ఒక్క మీట ఉన్న కీబోర్డు నియంత్రిక. ఫ్లాపీ లేదు, సీడీ లేదు, గ్రాఫిక్స్ కార్డు లేదు. ఒక్కో మెషీన్‌కు హైపర్‌వైజర్ తనకోసం వాడుకునే మెమరీ 5 మెగాబైట్ల లోపు, గెస్ట్‌లో మొదటి ప్రోగ్రామ్ మొదలవడానికి పట్టే కాలం 125 మిల్లీసెకన్ల లోపు ఉండేలా దాన్ని రూపొందించారు. క్యూఎమ్యూ కూడా 2019 డిసెంబరులో వచ్చిన 4.2లో, పీసీఐ వంటి పాత ఏర్పాట్లు లేని మైక్రోవీఎం అనే యంత్ర నమూనాను చేర్చింది. ల్యాప్‌టాప్‌పై సెటప్-ఆల్పైన్‌తో తొలి గెస్ట్‌ను స్థాపించి, దాని ప్రక్రియల జాబితాలోని ప్రతి పంక్తినీ గుర్తుపట్టగలిగిన విద్యార్థి, తర్వాతి అడుగుగా ఆ గెస్ట్‌నే మైక్రోవీఎం నమూనాలో నడిపించడానికి ప్రయత్నించవచ్చు. బూట్ సందేశాల్లో ఏ పంక్తులు మాయమయ్యాయో పాత వాటితో పోల్చి చూస్తే, మామూలు వర్చువల్ మెషీన్ ఇన్నాళ్లూ ఏయే పరికరాలను కల్పించి చూపుతూ వచ్చిందో ఒక్కొక్కటిగా తెలుస్తుంది.